గీత గీస్తేనే కనిపించిన కణం

కాగితం మీద ఉన్నది ఒకే ఒక్క కణం. అడుగున కణదేహం, నిండా నల్లసిరా. దాని నెత్తి నుంచి లావుపాటి కొమ్మ ఒకటి లేచి, కాస్త దూరం పోయి చీలింది. చీలినవి మళ్లీ చీలాయి. చీలిన కొద్దీ సన్నబడి, చివరికి కంటికి ఆనీ ఆనని రెమ్మలై కాగితం పైభాగమంతా పరుచుకున్నాయి. కణదేహం కింది నుంచి సన్నని పోగు ఒకటి దిగింది. ఇది మనిషి చిన్నమెదడులో ఉండే పర్కింజీ కణం. బొమ్మ 1899 నాటిది. గీసినాయన స్పెయిన్ దేశపు శాస్త్రవేత్త శాంటియాగో రమోన్ ఇ కహాల్.

ఒకసారి చూసి పేజీ తిప్పేస్తే ఈ బొమ్మ అందంగా ఉందనిపిస్తుంది, అంతే. నిదానంగా చూస్తేనే పనితనం బయటపడుతుంది. ముందు గీత మందం చూడండి. లావు కొమ్మ నుంచి చివరి రెమ్మ దాకా గీత ఎక్కడా ఉన్నట్టుండి సన్నబడదు. ప్రతి చీలిక దగ్గరా కొద్దికొద్దిగా తగ్గుతూ పోతుంది. రెండు కొమ్మలు విడిపోయే చోట సందు పూడిపోలేదు, సిరా అలుక్కుపోలేదు. తర్వాత ఖాళీలు చూడండి. కొమ్మల నడుమ అక్కడక్కడ కాస్త జాగా వదిలేసి ఉంటుంది. చెయ్యి అలసిపోయి వదిలేసిన జాగా కాదది. సన్నని రక్తనాళాలూ, పక్క కణాల దేహాలూ ఉండే చోట్లవి. వాటికి రంగు పట్టలేదు కనుక అవి బొమ్మలోకి రాలేదు. వాటి చోటు మాత్రం పదిలంగా ఉంది. కనిపించనిదాని హద్దును కూడా కనిపించేదాని అంచులతోనే చూపించాడాయన.

ఇంకో విశేషం ఉంది. ఈ కణం కొమ్మలన్నీ ఒకే తలంలో పరుచుకుంటాయి. తాటాకు విసనకర్రలా ఎదురుగా చూస్తే బారెడు వెడల్పు, పక్క నుంచి చూస్తే సన్నని పట్టీ. చిన్నమెదడు మడతలు సాగే దిక్కుకు అడ్డంగా కోస్తేనే ఈ నిండు వెడల్పు కళ్లబడుతుంది. మడత వెంబడి కోస్తే పట్టీయే మిగులుతుంది. అంటే కలం పట్టకముందే, కత్తి పట్టినప్పుడే ఈ బొమ్మ సగం మొదలైందన్నమాట. ఏ దిక్కున కోయాలి, ఏ కణాన్ని ఎంచుకోవాలి, ఏది గీయాలి, ఏది వదిలేయాలి అన్న నిర్ణయాలన్నీ కలిస్తేనే ఆ కాగితం.

మెదడు గురించి ఇవాళ మనకు తెలిసినదానికి పునాది వేసినవాళ్లలో కహాల్ ముందు వరసలో ఉంటాడు. 1906లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన చిన్నప్పుడు చిత్రకారుడు కావాలనుకున్నాడన్న సంగతి చాలామంది ముచ్చటగా చెప్పుకుంటారు, శాస్త్రవేత్త జీవితానికి అదొక అలంకారమన్నట్టు. ఆ బొమ్మల ముందు కాస్తసేపు కూర్చుంటే సంగతి వేరని తెలుస్తుంది. చిత్రకళ ఆయనకు తీరిక వేళల వినోదంగా మిగిలిపోలేదు. ఆయన శాస్త్రం నడిచిందే ఆ చేతి మీద.

రంగుల కోసం తిప్పలు

కహాల్ 1852 మే 1న ఉత్తర స్పెయిన్‌లోని పెటిల్యా దె అరగోన్ అనే కొండపల్లెలో పుట్టాడు. తండ్రి హుస్తో రమోన్ పల్లెటూళ్లలో శస్త్రవైద్యం చేసేవాడు. కడుపు కట్టుకుని చదివి పైకొచ్చిన మనిషి. తర్వాతి రోజుల్లో సరగోసాలో అనాటమీ పాఠాలు కూడా చెప్పాడు. కొడుకు డాక్టరు కావాలని ఆయన పట్టుదల. కొడుక్కేమో కాగితం దొరికినా గోడ దొరికినా బొమ్మ గీయాలి. బొమ్మల పని కూడు పెట్టదని నమ్మిన తండ్రికి అది చూస్తే అరికాలి మంట నెత్తికెక్కేది.

కుటుంబం అయెర్బె అనే ఊళ్లో ఉన్న రోజుల్లో తండ్రి ఈ తగువు తేల్చేయాలనుకున్నాడు. చర్చి గోడలకు సున్నం, రంగులు వేయడానికి బయటి ఊరి నుంచి ఒక పనివాడు వచ్చి ఉన్నాడు. కొడుకు గీసిన ఒక సాధువు బొమ్మను తీసుకెళ్లి అతనికి చూపించాడు. అతను అటూ ఇటూ చూసి, ఈ పిల్లవాడికి బొమ్మల చెయ్యి లేదు పొమ్మన్నాడు. ఆ తీర్పుతో ఇంట్లో రంగులకూ కుంచెలకూ చోటు లేకుండా పోయింది.

పిల్లవాడు మానలేదు. డబ్బులివ్వరు కనుక రంగులు తనే తయారు చేసుకున్నాడు. గోడల మీది రంగు గీకాడు. ఆ రోజుల్లో సిగరెట్ కాగితాలను చిన్న పుస్తకాలుగా కుట్టి అమ్మేవారు. వాటి అట్టలకు ఎర్రటి, ముదురు నీలపు రంగులుండేవి, నీళ్లలో కరిగేవి. ఆ అట్టలు నానబెట్టి రంగు పిండుకునేవాడట. పెద్దయ్యాక రాసుకున్న ఆత్మకథలో ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. ఇది చదువుతుంటే ఆ పిల్లవాడి మీద జాలి కలుగుతుంది. అంతకంటే ముందు ఇంకోటి గమనించాలి. ఏ పదార్థం ఎందులో కరుగుతుంది, ఏ రంగు దేనికి పడుతుంది అన్న విద్య ఆ కుర్రవాడికి పదేళ్ల వయసు నుంచే అబ్బుతోంది. ముప్ఫైల్లో ఆయన్ను ప్రపంచానికి పరిచయం చేసింది ఇదే విద్య: మెదడు కణాలకు రంగు పట్టించడం.

చదువు మాత్రం సవ్యంగా సాగలేదు. హాకా ఊళ్లో మతగురువుల బడి, అక్కడ దెబ్బలు. తర్వాత వేస్కా ఊళ్లో చదువు. దారికి రావడం లేదని తండ్రి అతణ్ని మంగలి దగ్గరా, చెప్పులు కుట్టేవాడి దగ్గరా పనికి కుదిర్చాడు. వేస్కాలో మాత్రం ఒక అదృష్టం కలిసొచ్చింది. డ్రాయింగ్ నేర్పిన లెయోన్ అబాదియాస్ స్వయంగా చిత్రకారుడు. కుర్రవాడి చేతిలోని పసను మొదట గుర్తించింది ఆయనే. ఇతణ్ని బొమ్మల చదువు చదివించమని తండ్రికి నచ్చజెప్పబోయాడు కూడా. తండ్రి వినలేదు.

అంత పట్టుదల గల తండ్రే చివరికి ఒక దారి కనిపెట్టాడు. 1868 వేసవిలో కొడుకును శ్మశానానికి తీసుకెళ్లాడు. నేల మీద బయటపడి ఉన్న ఎముకలు ఏరి ఇంటికి తెచ్చి వాటితో అనాటమీ పాఠం మొదలుపెట్టాడు. పుస్తకం ముందేస్తే పారిపోయే కుర్రవాడు ఎముక ముందు కదలకుండా కూర్చున్నాడు. ఎందుకంటే ఎముకను గీయొచ్చు. ఎక్కడ గుంట ఉంది, ఎక్కడ గట్టు ఉంది, నరం దూరే రంధ్రం ఏ వైపున ఉంది అన్నది గీసేవాడి కన్ను వదిలిపెట్టదు. తండ్రి ఏళ్ల తరబడి అడ్డుకున్న అలవాటే కొడుకును వైద్యంలోకి లాక్కొచ్చింది. తర్వాత సరగోసాలో తండ్రీ కొడుకులు కలిసి శవచ్ఛేదనలు చేశారు. కోసి చూసినదాన్ని కొడుకు నీటిరంగుల్లో వేసేవాడు. వాటితో అనాటమీ అట్లాసు ఒకటి అచ్చు వేయాలని తండ్రి ముచ్చటపడ్డాడు. పుస్తకం రాలేదు గానీ, కొడుకు చేతికి మంచి సాధన దొరికింది.

1873లో వైద్యపట్టా వచ్చింది. సైన్యంలో డాక్టరుగా క్యూబా వెళ్లి, మలేరియాతో చిక్కిశల్యమై తిరిగొచ్చాడు. అక్కడ మిగిల్చుకున్న జీతంతో మైక్రోస్కోప్ కొనుక్కున్నాడు. తొలి పరిశోధన పత్రాలకు బొమ్మలను రాతి మీద తనే గీసి అచ్చుకు సిద్ధం చేశాడు. కణజాలం కోసిందీ, రంగు పట్టించిందీ, చూసిందీ, గీసిందీ, అచ్చుకు ఎక్కించిందీ ఒకే చెయ్యి.

నల్లగా మారే కొన్ని కణాలు

1887లో మాడ్రిడ్‌లో లూయిస్ సిమార్రో అనే వైద్యుడు ఆయనకు ఒక స్లైడు చూపించాడు. ఇటలీ శాస్త్రవేత్త కమిల్లో గోల్జీ 1873లో కనిపెట్టిన పద్ధతిలో తయారైన స్లైడది. కహాల్ జీవితం ఆ రోజుతో మలుపు తిరిగింది.

అప్పటిదాకా ఉన్న ఇబ్బంది ఏమిటంటే, మెదడును పలచగా కోసి మామూలు రంగు పట్టిస్తే కణదేహాలు కనిపిస్తాయి గానీ వాటి కొమ్మలు ఏది ఎవరిదో తెలియకుండా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గోల్జీ పద్ధతిలో మెదడు ముక్కను ముందు పొటాషియం డైక్రోమేట్ ద్రావణంలో నానబెట్టి గట్టిపరుస్తారు. తర్వాత సిల్వర్ నైట్రేట్‌లో వేస్తారు. రెండూ కలిసి కణం లోపల సిల్వర్ క్రోమేట్ స్ఫటికాలు పేరుకుంటాయి. కణం ఆ కొస నుంచి ఈ కొస దాకా నల్లబడుతుంది, వెనక పసుపుపచ్చ నేపథ్యం. వింత ఏమిటంటే అన్ని కణాలూ నల్లబడవు. నూటికి ఏ కొద్ది కణాలకో రంగు పడుతుంది, మిగతావి కనబడకుండా ఉండిపోతాయి. ఆ లోపమే వరమైంది. అన్నీ నల్లబడితే చూసేదేమీ ఉండదు.

అయితే ఈ రంగు మొండిది. ఒకరోజు పడుతుంది, మరోరోజు పడదు. చాలామంది విసిగి వదిలేశారు. కహాల్ దాన్ని లొంగదీసుకున్నాడు. ముక్కను ఒకసారితో సరిపెట్టకుండా రెండోసారి కూడా అవే ద్రావణాల్లో ముంచాడు. పెద్ద జంతువుల మెదడుకు బదులు పిండాలనూ, అప్పుడే పుట్టిన జంతువులనూ తీసుకున్నాడు. పెద్దవాటిలో నాడీతంతువుల చుట్టూ మైలిన్ అనే కొవ్వు తొడుగు ఉంటుంది. ఆ తొడుగు ఉన్నచోట రంగు సరిగా ఎక్కదు. తొడుగు ఇంకా ఏర్పడని వయసులో కణం పూర్తిగా బయటపడుతుంది. పైగా కొమ్మలు చిన్నవి, వాటి వెంట పోయి చివర ఎక్కడుందో తేల్చుకోవచ్చు.

ఇక బొమ్మ దగ్గరికి వద్దాం. ఈ పద్ధతిలో ముక్కలను మందంగా కోయాలి, పలచగా కోస్తే కొమ్మలు తెగిపోతాయి. మందంగా కోస్తే మైక్రోస్కోప్‌లో ఒకేసారి అంతా స్పష్టంగా కనిపించదు. ఫోకస్ మర ఒక పిసరు తిప్పితే ఒక రెమ్మ తేలుతుంది, ఇంకోటి మసకబారుతుంది. ఇంకో పిసరు తిప్పితే అది పోయి మరోటి వస్తుంది. కణం మొత్తం ఏ క్షణంలోనూ కళ్ల ముందు ఉండదు. ఎడమచేత్తో మర తిప్పుకుంటూ, పైనుంచి అడుగు దాకా దిగుతూ, చూసినదాన్ని మనసులో కూర్చుకుని కాగితం మీద ఒక్క రూపంగా నిలపాలి. కటకం చూపించేది ముక్కలు ముక్కలుగానే. కణం మొత్తంగా మొదటిసారి కనిపించేది కాగితం మీదే.

లెన్సు గుండా వచ్చిన బింబాన్ని కాగితం మీద చూపించే పరికరాన్ని కొన్ని బొమ్మలకు వాడాడు. చాలా బొమ్మలు మాత్రం ఏ పరికరమూ లేకుండా నేరుగా చేత్తో గీసినవే. దగ్గర నుంచి చూస్తే సిరా కింద పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. తప్పు పోయిన చోట తెల్ల రంగు పూసి పైన మళ్లీ గీసిన మరకలు కనిపిస్తాయి. దాచిపెట్టని ఆ దిద్దుబాట్లను చూస్తే నాకు ఆయన మీద గౌరవం రెట్టింపవుతుంది. అందం కోసం గీసేవాడు కాగితం మార్చి కొత్త బొమ్మ వేసుకుంటాడు. నిజం కోసం గీసేవాడు తప్పిన రెమ్మను మాత్రమే చెరిపి, స్లైడును మళ్లీ చూసి, దాన్ని సరైన చోట పెడతాడు.

ఒకే రంగు, రెండు చేతులు

ఆ రోజుల్లో యూరప్ శాస్త్రవేత్తల్లో ఎక్కువమంది నమ్మకం ఏమిటంటే, మెదడంతా తెగని వల. ఒక కణం పోగు ఇంకో కణం పోగులో కలిసిపోతుంది, ఎక్కడా విరామం లేదు. గోల్జీ కూడా అదే నమ్మాడు. డెండ్రైట్లు అనే పొట్టి కొమ్మలు కణానికి ఆహారం అందించడానికేనని ఆయన అభిప్రాయం.

కహాల్ అదే రంగుతో పక్షుల చిన్నమెదడు చూశాడు. పర్కింజీ కణదేహం చుట్టూ వేరే కణాల పోగులు వచ్చి అల్లుకుంటున్నాయి. వాటి వెంట మర తిప్పుకుంటూ పోయాడు. అవి కణదేహాన్ని తాకుతున్నాయి, కావలించుకుంటున్నాయి, కానీ అందులో కలవడం లేదు. కొస ఉంది, కొస దగ్గర ఆగిపోతోంది. మరికొన్ని పోగులు కొమ్మల మీదికి పాకుతూ పోయి అక్కడే ముగుస్తున్నాయి. ప్రతి నాడీకణం విడి కణమే, తాకి మాట్లాడుకుంటాయే తప్ప ఒకటిలో ఒకటి కరగవు అన్న నిర్ణయానికి ఆయన ఇలా వచ్చాడు. 1888 మేలో సొంత డబ్బుతో ఒక పత్రిక పెట్టి ఈ సంగతి అచ్చు వేశాడు. విడి నాడీకణానికి న్యూరాన్ అన్న పేరు తర్వాత 1891లో వచ్చింది, పెట్టింది జర్మన్ శాస్త్రవేత్త వాల్డయర్.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. గోల్జీ చేతిలోనూ అదే రంగు, అలాంటి మైక్రోస్కోపే. ఆయన అంతటివాడే, తెలివిలోనూ ఓపికలోనూ తక్కువవాడు కాదు. మరి ఆయనకు వల కనిపించింది, ఈయనకు కొస కనిపించింది. ఈ తేడాలో పిండదశ కణజాలం ఎంపికకు పెద్ద వాటా ఉంది. గీసేవాడి అలవాటుకూ వాటా ఉందని నా నమ్మకం. గీత గీసేవాడు దాన్ని ఎక్కడో ఒకచోట ఆపాలి. ఆపే ముందు, ఇది నిజంగా ఇక్కడే ఆగిందా అని తనను తాను అడుక్కోవాలి. మాటల్లో రాసేటప్పుడు ఆ పోగులన్నీ కలిసిపోయాయి అని ఒక్క వాక్యంతో దాటేయొచ్చు. చేతిలో కలం ఉన్నప్పుడు ఆ దాటవేత కుదరదు.

దీనికి ముల్లంత రుజువు ఒకటుంది. పర్కింజీ కణం రెమ్మల మీద ఒళ్లంతా సన్నని ముళ్లుంటాయి. 1888లో కహాల్ వాటిని చూసి ముళ్లనే పిలిచాడు, బొమ్మల్లో ఒక్కొక్కటిగా పెట్టాడు. గోల్జీ, ఆనాటి దిగ్గజం కోలికర్, ఇద్దరూ అవి వెండి రంగు పేరుకున్న మురికి అనుకున్నారు. వాళ్ల బొమ్మల్లో రెమ్మలు నున్నగా ఉంటాయి. మురికని తేల్చేసుకున్నవాడు దాన్ని ఎందుకు గీస్తాడు? కహాల్ వదల్లేదు. రంగు మార్చి చూశాడు. మిథిలీన్ బ్లూ అనే వేరే రంగు పట్టించినా ముళ్లు కనిపించాయి. రెండు వేర్వేరు రంగులు ఒకే రకం మురికి చేయవు గదా. అర్ధశతాబ్దం దాటాక, 1959లో జార్జ్ గ్రే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూసినప్పుడు ఆ ముళ్ల దగ్గరే ఒక కణం ఇంకో కణంతో సంధి కుదుర్చుకుంటోందని తేలింది. నేర్చుకునేటప్పుడు, గుర్తుంచుకునేటప్పుడు మెదడులో వచ్చే మార్పులకు ఆ ముళ్లు ముఖ్యమైన చోట్లని నేడు చెబుతున్నారు.

స్పానిష్‌లో రాసిన ఆయన పత్రాలను యూరప్‌లో చదివేవాళ్లు తక్కువ. అందుకని 1889లో కహాల్ తన స్లైడ్లు మూటగట్టుకుని బెర్లిన్‌లో జరిగిన అనాటమీ సభకు వెళ్లాడు. మైక్రోస్కోపులు వరసగా పెట్టి, వచ్చినవాళ్లను చూడమన్నాడు. కోలికర్ చూశాడు, మెచ్చాడు, ఆ తర్వాత ఆయన్ను యూరప్‌కు పరిచయం చేశాడు. భాష రాని సభలో ఆయనకు అండగా నిలిచినవి స్లైడ్లూ, బొమ్మలూ.

చలనం లేనిచోట బాణాలు

కహాల్ బొమ్మల్లో చాలా వాటి మీద చిన్న చిన్న బాణాలుంటాయి. కంటి రెటీనా బొమ్మలో ఉంటాయి, మెదడులోని హిప్పోక్యాంపస్ అనే భాగం బొమ్మలో ఉంటాయి. కణం ఒకచోట నుంచి ఒకచోటికి సంకేతాన్ని ఎలా నడిపిస్తుందో చెప్పే బాణాలవి. ఇక్కడే ఆయన సృజన పూర్తిగా వికసించింది.

స్లైడు మీద ఉన్నది చచ్చిన కణజాలం. అందులో ఏదీ కదలదు, ఏదీ పారదు. సంకేతం ఎటు పోతోందో రంగు చెప్పదు. కహాల్ ఆకారాన్ని చూసి దిక్కు ఊహించాడు. కంట్లోకి వెలుగు ఎటునుంచి వస్తుందో తెలుసు, మెదడుకు కబురు ఎటు పోవాలో తెలుసు. ఆ దారిలో కణాలు ఎలా నిలబడ్డాయో చూస్తే డెండ్రైట్లు కబురు అందుకునే వైపున, ఆక్సాన్ అనే పొడవాటి పోగు పంపే వైపున ఉన్నాయి. వాసన నరంలోనూ అంతే. అలా చూసి, సంకేతం డెండ్రైట్లలో, కణదేహంలో మొదలై ఆక్సాన్ గుండా బయటికి పోతుందని 1891లో సూత్రం చెప్పాడు. రెటీనాలో కొన్ని కణాలకు ఆక్సాన్ లేదు. అవి ఈ సూత్రానికి లొంగలేదు. ఆ ఇబ్బందిని ఆయన దాచలేదు, ఆక్సాన్ లేనివాటిని ఆక్సాన్ లేకుండానే గీశాడు.

ఇంతకంటే సాహసమైన ఊహ ఇంకోటుంది. 1890లో కోడిపిల్ల పిండంలోని వెన్నుపాములో, పెరుగుతున్న ఆక్సాన్ కొసన ఒక ఉబ్బు చూశాడు. దాని అంచు నుంచి సన్నని పీచులు చాచి ఉన్నాయి. అది కదిలే కొస అనీ, దారి వెతుక్కుంటూ ముందుకు చొరబడుతుందనీ చెప్పాడు. చచ్చిన కణంలో బతికిన కదలికను చూశాడన్నమాట. 1907లో రాస్ హారిసన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త కప్ప పిండం నుంచి తీసిన కణజాలాన్ని బయట బతికించి, నాడీతంతువు పెరగడం కళ్లారా చూశాడు. కొస కదులుతోంది, పీచులు చాస్తోంది.

ఇది గాలిలోంచి పుట్టిన కల్పన కాదు. వందల కొసలను గీసి, ఏ కొస ఏ దశలో ఎలా ఉంటుందో చేతికి తెలిసినవాడు చేసిన ఊహ. వేర్వేరు వయసుల పిండాల్లో చూసిన నిశ్చల రూపాలను వరసగా పేర్చుకుంటే మనసులో అవి నడవడం మొదలుపెడతాయి. కథలు అల్లే బుద్ధి కూడా ఆయనకు ఉంది. విజ్ఞానశాస్త్రం నేపథ్యంగా రాసిన కథలను 1905లో పుస్తకంగా తెచ్చాడు. ఊహను ఆయన అదుపులో పెట్టుకున్నాడే తప్ప అణగదొక్కుకోలేదు.

కెమెరా తెలిసి కూడా

ఫోటోలు తీయడం చేతకాక బొమ్మలు గీశాడేమో అనుకునేవాళ్లు ఉండొచ్చు. నిజానికి కహాల్ ఆరితేరిన ఫోటోగ్రాఫర్. కుర్రతనంలోనే ఆ పిచ్చి పట్టింది. సరగోసాలో ఉండగా ఫోటో ప్లేట్లు ఇంట్లో తయారుచేశాడు. ఊళ్లోని ఫోటోగ్రాఫర్లు కొనుక్కునేవారు, భార్య సిల్వేరియా ఆ పనిలో సాయపడేది. రంగుల ఫోటోగ్రఫీ మీద 1912లో ఏకంగా పుస్తకం రాశాడు. తన ల్యాబులో తన ఫోటోలు తనే తీసుకున్నాడు.

అన్నీ తెలిసినవాడు కణం దగ్గరికి వచ్చేసరికి కలం పట్టాడంటే కారణం ఉంది. ఆనాటి కెమెరా ఒక ఫోకస్‌లో ఉన్నదాన్నే పట్టుకుంటుంది, మందమైన ముక్కలో మిగతాదంతా మసక. పైగా ఒకే స్లైడులో కావలసినవన్నీ ఉండవు. ఒకదాంట్లో ఆక్సాన్ బాగా వస్తుంది, ఇంకోదాంట్లో పక్క కణం బాగా వస్తుంది. అనేక స్లైడ్లలో చూసినదాన్ని ఒక్క బొమ్మలో కూర్చేవాడాయన. ఇది తప్పు కాదా, ఉన్నదున్నట్టు చూపడం కాదు గదా అని అడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. కూర్పులో నిజం జారిపోయే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అందుకు కహాల్ ఇచ్చిన పూచీ ఆయన స్లైడ్లే. వేల స్లైడ్లు నేటికీ మాడ్రిడ్‌లో భద్రంగా ఉన్నాయి, అనుమానం ఉన్నవాళ్లు బొమ్మను స్లైడుతో పోల్చి చూసుకోవచ్చు. ఫోటో ఒక కణం ఒక క్షణం ఎలా ఉందో చెబుతుంది. కహాల్ బొమ్మ ఆ రకం కణం మొత్తంగా ఎలా ఉంటుందో చెబుతుంది. రెండోది చెప్పాలంటే ఏది ముఖ్యమో, ఏది యాదృచ్ఛికమో తెలిసి ఉండాలి.

దాదాపు 2,900 బొమ్మలు మిగిలి ఉన్నాయి. కహాల్ ఇన్‌స్టిట్యూట్ వాటిని కాపాడుతూ వచ్చింది. 2017లో ఆయన భాండారం, ఆయన శిష్యపరంపర భాండారంతో కలిపి, యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేరింది. అదే ఏడాది ఆ బొమ్మల ప్రదర్శన ఒకటి అమెరికాలోని మినియాపొలిస్ నుంచి మొదలై ఊరూరా తిరిగింది, ఆర్ట్ మ్యూజియాల్లో చిత్రకళగానే వేలాడింది. చర్చికి సున్నం వేసేవాడు చెయ్యి లేదన్న కుర్రవాడి బొమ్మలవి. కహాల్, గోల్జీ ఇద్దరూ నోబెల్ పంచుకున్న 1906లో స్టాక్‌హోమ్ వేదిక మీద గోల్జీ తన ఉపన్యాసంలో న్యూరాన్ సిద్ధాంతాన్ని ఖండించాడు. మర్నాడు అదే వేదిక మీద కహాల్ తాను చూసింది చెప్పాడు. ఆ తగువు ఎటు తేలిందో చరిత్ర చెప్పింది. పాఠ్యపుస్తకాల్లో నేటికీ అచ్చవుతున్నవి కహాల్ గీతలు.

చేతికి పని చెప్పిన చదువు

యువ పరిశోధకులకు సలహాలిస్తూ కహాల్ ఒక పుస్తకం రాశాడు. 1897లో చేసిన ప్రసంగం దానికి మూలం. బొమ్మ గీయడం ఆయన లెక్కలో చూపుకు క్రమశిక్షణ. మామూలుగా చూస్తే కన్ను తనకు ఇష్టమైన చోట వాలి మిగతాది వదిలేస్తుంది. గీయాల్సి వస్తే ఏదీ వదలడానికి లేదు. అంటే కళ శాస్త్రవేత్తకు విశ్రాంతి మాత్రమే ఇవ్వదు. చూపును నిజాయితీగా ఉంచుతుంది.

మన దగ్గర ఇంటర్‌లో బైపీసీ చదివిన ప్రతి ఒక్కరికీ రికార్డు పుస్తకం తెలుసు. తెల్ల పేజీలో పెన్సిల్ బొమ్మ, గీతల పేజీలో వివరణ. చుక్కలతో నీడలు, కుడివైపు స్కేలు పెట్టి లేబుల్ గీతలు. ఈ పద్ధతి పుట్టింది సరిగ్గా కహాల్ చెప్పిన కారణానికే, విద్యార్థి కళ్లు తెరిచి చూడాలని. జరుగుతున్నది వేరు. ఎక్కువ రికార్డులు పోయినేడు సీనియర్ గీసిన రికార్డు చూసి దించినవే. మైక్రోస్కోప్ కింద స్లైడు ఒంటరిగా ఉంటుంది. కాండం అడ్డుకోతలో ఎన్ని నాళికాపుంజాలున్నాయో లెక్కపెట్టకుండానే బొమ్మలో ఎనిమిది వచ్చేస్తాయి, ఎందుకంటే సీనియర్ బొమ్మలో ఎనిమిదున్నాయి. ఇక్కడ పోతున్నది బొమ్మ అందం కాదు. తన కళ్లతో చూసి, ఇది ఇలా ఉంది అని పెన్సిలుతో పూచీపడే అలవాటు పోతోంది. పరిశోధన అంటే ఆ పూచీయే.

దీన్ని మార్చడానికి కొత్త ల్యాబులు అక్కర్లేదు, కొత్త నిధులూ అక్కర్లేదు. లెక్చరర్ ఒక గంట కేటాయించి, పుస్తకాలూ పాత రికార్డులూ మూయించి, స్లైడు మాత్రమే ముందుంచి గీయమంటే చాలు. బొమ్మలు వంకరగా వస్తాయి, రానివ్వండి. ఎవరి బొమ్మ వాళ్లదే అవుతుంది. ఒకరు గీసిన నాళికాపుంజం ఇంకొకరి బొమ్మలో లేకపోతే, ఇద్దరూ మళ్లీ లెన్సు దగ్గరికి వెళ్లి చూసుకుంటారు. ఆ వాదనతోనే శాస్త్రం మొదలవుతుంది. ముళ్లున్నాయా లేవా అని కహాల్, కోలికర్ల నడుమ నడిచింది కూడా ఆ వాదనే.

బొమ్మలు గీసే పిల్లల తల్లిదండ్రులకు కూడా ఒక మాట. డాక్టరో, సైంటిస్టో కావలసిన పిల్లవాడు డ్రాయింగ్ పుస్తకం వదలడం లేదని బెంగపడేవాళ్లు మన ఇళ్లలో ఎంతమందో. హుస్తో రమోన్ బెంగా అదే. ఆయన కొడుకు చేతి నుంచి కుంచె లాక్కున్నన్నాళ్లు చదువు కుంటుపడింది. ఎముక ముందు పెట్టి గీయమన్న రోజున చదువు దారిలో పడింది. ఆ తండ్రి ఆలస్యంగా చేసిన పనిని మనం ముందే చేయొచ్చు. పిల్లవాడు గీస్తుంటే ఆపకండి. పక్కన ఒక ఆకు పెట్టండి, ఒక చిమ్మెట రెక్క పెట్టండి, ఒక గవ్వ పెట్టండి. ఉన్నదున్నట్టు గీయమనండి, గీశాక ఏం కనిపించిందో చెప్పమనండి.